ముడుల దారం లోకేశ్వరి

కోయంబత్తూరులో లేజర్ ప్రింటరు సరిగ్గా పనిచేయకపోతే ముందు దాన్ని నాలుగు బాదుతారు. తర్వాత టోనరు డబ్బా బయటికి తీసి గిలక్కాయలా ఊపుతారు. ఆ తర్వాత పక్క ఆఫీసు వాణ్ణి పిలుస్తారు. వాడు కూడా తన వంతు నాలుగు బాది, ఇక లాభం లేదని తేల్చాక లోకేశ్వరికి ఫోను చేస్తారు. అందుకే ఆవిడ ఎక్కడికి వెళ్ళినా మొదటి పది నిమిషాలు మనుషుల్ని తిట్టడానికే సరిపోతాయి.

"దీన్ని ఎవరు కొట్టింది? నిజం చెప్పండ. నోరు లేని మిషిను కదా అని కొడతారా?" అని గుమ్మంలోనే మొదలుపెడుతుంది. వకీలైనా సరే, డాక్టరైనా సరే, తల వంచుకుని వినాల్సిందే. మనుషుల పని అయ్యాక మిషను వైపు తిరుగుతుంది. అప్పుడు ఆ గొంతు ఎక్కడికి పోతుందో తెలియదు. మూత మెల్లగా ఎత్తి, జ్వరమొచ్చిన పిల్లని పలకరించినట్టు, "ఏమయింది కన్నూ, యాడ నొస్తాది?" అంటుంది. ఆ మాట విని నవ్విన గుమాస్తాలు ఉన్నారు. నవ్విన వాళ్ళకి మరో పది నిమిషాల తిట్లు అదనం.

ఆవిడకి నలభై ఎనిమిదేళ్ళు. పాత స్కూటరు, దాని ముందు ఒక గుడ్డసంచి. సంచిలో రెండు స్క్రూడ్రైవర్లు, అరిగిపోయిన పళ్ళ బ్రష్షు, మెత్తబడిన పాత వేష్టి పంచె గుడ్డలు, టార్చి. ఆర్.ఎస్. పురంలో ఆసుపత్రులు, అవినాశిలో బనియన్ కంపెనీలు, అన్నూరు దాకా బడులు, మిల్లులు, జిరాక్సు కొట్లు, అన్నీ ఆవిడ రాజ్యమే. కంపెనీ కుర్రాళ్ళు లాప్‌టాప్ తగిలించి ఏవో చూస్తారు. లోకేశ్వరి మాత్రం చెయ్యి చాపి ఒకటే అడుగుతుంది: "పాడయిన పేజీ ఇయ్యి."

ఆవిడ వైద్యమంతా ఆ పేజీలోనే ఉంది. నిలువునా తెల్లటి చార ఉంటే వెలుతురు వచ్చే అద్దం మీద దుమ్ము పడిందన్న మాట. పేజీ అంతా బూడిద పూసినట్టు ఉంటే లోపల అక్షరాల రూపు పట్టే డ్రమ్ముని ఎవరో ఎండలో పెట్టారన్న మాట. అక్షరాలు వేలికి అంటుకొస్తే పొడి సరిగ్గా కాలలేదు, లేదా కాగితంలో చెమ్మ ఉంది. ఒకే మచ్చ పేజీ కిందికి మళ్ళీ మళ్ళీ పడితే మాత్రం ఆవిడ సంచి అడుగు నుంచి ఒక దారం తీస్తుంది. తెల్లటి నూలు దారం. దానికి మూడు ముడులు.

ఆ దారానికో కథ ఉంది. లోకేశ్వరి తండ్రి ఆండియప్ప కోవిల్‌పట్టి వైపు నల్లరేగడిలో పత్తి వేసేవాడు. సాళ్ళలో గింజకీ గింజకీ మధ్య ఎంత ఎడం ఉండాలో తెలియడానికి ఒక తాడుకి వరసగా ముడులు వేసి నేల మీద పరిచేవాడు. ముడి దగ్గర గింజ, ముడి దగ్గర గింజ. చిన్నప్పుడు ఆ తాడు రెండో కొస పట్టుకుని నిలబడటం లోకేశ్వరి పని. కొంచెం వంగినా, "తిన్నగ పట్టవే, పత్తి పామాట్ల వంకరగ మొలుస్తాది" అని అరిచేవాడు.

పెళ్ళై కోయంబత్తూరు వచ్చాక, పంతొమ్మిదో ఏట, టోనరు డబ్బాల్లో పొడి నింపే కొట్లో పనికి చేరింది. వెనక గదిలో కూర్చుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని రోజంతా నల్లపొడి నింపడమే. ఎక్కడ ప్రింటు పాడైనా యజమాని ఆ పేజీ తెచ్చి ఆవిడ ముందు విసిరేవాడు. "నువ్వు నింపిన పొడే సరిగ్గా లేదు" అనేవాడు. లోకేశ్వరికి ఒళ్ళు మండేది. తప్పు తనది కాదని నిరూపించాలని పంతం పట్టి, పాడైన పేజీలన్నీ నేల మీద పరిచి చూస్తూ కూర్చుంది. మచ్చలు ఇష్టమొచ్చినట్టు పడటం లేదు. సాలులో గింజల్లా, కొలిచినట్టు ఒకే ఎడంలో పడుతున్నాయి.

మర్నాడు చచ్చిపోయిన మిషను ఒకటి విప్పి, లోపలి రోలర్లకి ఒక్కొక్కదానికీ దారం చుట్టి, ఒక చుట్టుకి ఎంత పొడుగొచ్చిందో అంత దగ్గర ముడి వేసింది. రోలరు మీద ఒక చోట దెబ్బ తగిలితే అది తిరిగినప్పుడల్లా ఆ మచ్చ కాగితం మీద పడుతుంది. ఆ ఎడాన్ని దారంతో కొలిస్తే దొంగ ఎవరో తెలిసిపోతుంది. అంగుళన్నర దగ్గర మొదటి ముడి, పొడిని మోసే రోలరుది. రెండుంబావు దగ్గర రెండో ముడి, పొడిని కాగితానికి కాల్చి అంటించే వేడి రోలరుది. మూడంగుళాల దగ్గర మూడో ముడి, డ్రమ్ముది. పెద్ద మిషన్లకి వేరే దారాలున్నాయి గానీ ఊళ్ళో సగం మిషన్లు చిన్నవే. దారం పట్టుకుని తిరుగుతున్న లోకేశ్వరిని చూసి యజమాని చేతబడి చేస్తోందనుకుని, విభూతి పొట్లం జేబులో పెట్టుకుని తిరిగాడట. పాపం, ఆయన పేజీలు విసరడం మాత్రం ఆ రోజుతో మానేశాడు.

అలాంటి లోకేశ్వరికి పేజీ చూపించేది లేదని మొండికేసిన ఇల్లు ఒక్కటే ఒక్కటి తగిలింది.

మొన్న మాసి నెలలో, శివరాత్రి వచ్చే రోజుల్లో, ఒక ఉదయం ఫోను వచ్చింది. అవతల ఒక ఆడపిల్ల, పేరు సుగన్య. అన్నూరు దాటాక ఒక పల్లె.

"అక్కా, మా ఇంట్లో ప్రింటరు ఉండాది. ఏమి ఇచ్చినా బాగా వేస్తాది. ఒక్క పాట ఇస్తే మాత్రం చెడిపోతాది."

"పాటా?"

"ఆమాక్కా. నా ఆఫీసు కాగితాలు ఇరవై తీసినాను. అద్దమాట్ల వచ్చినాయి. పాట వేస్తే మచ్చలు. మూలల్లో ఎళుత్తే లేదు, ఒక్క అక్షరం పడలేదు. మళ్ళీ ఆఫీసువి వేస్తే బాగుండాది. పాట వేస్తే మళ్ళీ మచ్చలు."

"మిషినికి పాట ఏది, ఆఫీసు ఏది అని తెలుస్తాదా? ఎవరన్నా కొట్టినారా దాన్ని?"

"లేదక్కా! సామి సత్యంగా కొట్టలేదు. సీక్కిరం రాండక్కా. రేపు పొద్దున్నే పూజ."

లోకేశ్వరి తొమ్మిది దాటేసరికి ఆ ఇంటి ముందు స్కూటరు ఆపింది. అరుగు మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటాయి. మెడ మీద అడ్డంగా ఆపరేషన్ గీత. పేరు రామక్కాళ్. "రా అమ్మిణి" అన్నదని పెదవుల కదలికని బట్టి తెలిసింది గానీ, గొంతు రాలేదు. గాలి మాత్రమే వచ్చింది.

సుగన్య ఆ ముసలావిడ మనవరాలు. కోయంబత్తూరులో ఉద్యోగం, పూజ కోసం వారం సెలవు పెట్టి వచ్చింది. లోపలి గదిలో బల్ల మీద ప్రింటరు ఉంది. దాని మూత మీద బొట్టు, పక్కన ఒక చామంతి పువ్వు. అలాంటివి లోకేశ్వరి చాలా చూసింది. సుగన్య మంచినీళ్ళిచ్చి సంగతంతా చెప్పింది.

వాళ్ళ వంశానికి ఒక పేరంటాలు దేవత. పెద్దక్కమ్మ. ఎన్ని వందల ఏళ్ళ కిందటో ఆ వంశాన్ని ఉత్తరాన్నుంచి ఈ నేలకి నడిపించుకొచ్చింది ఆవిడేనట. పన్నెండేళ్ళకి ఒకసారి వంశమంతా చేరి పొంగలి పెడతారు. అప్పుడు ఆడవాళ్ళు పాట పాడతారు. నలభై రెండు చరణాలు. ఎక్కడ ఆగారు, ఏ ఏరు దాటారు, ఎక్కడ ఎవరు పోయారు, అంతా ఆ పాటలో ఉంది. పాడే రాగం అందరికీ తెలుసు. "ఓ అక్కమ్మా" అని పల్లవి అందుకోవడం అందరికీ వచ్చు. చరణాలు మాత్రం ఇంటి పెద్దావిడకే వచ్చు. ఒక అత్త నుంచి ఒక కోడలికి, నోటి నుంచి చెవికి. రామక్కాళ్ దగ్గర నేర్చుకోవాల్సిన కోడలు సౌందరం, అంటే సుగన్య తల్లి, నేర్చుకోకుండానే చనిపోయింది. ఆ తర్వాత నేర్పుదాం నేర్పుదాం అనుకుంటుండగానే పోయినేడాది రామక్కాళ్‌కి గొంతులో గడ్డ తేలింది. గడ్డ తీశారు. దానితో గొంతు కూడా పోయింది.

"నాలుగు నెలలు అవ్వ నోటికాడ చెవి పెట్టి రాసినానక్కా" అంది సుగన్య. "శనివారం, ఆదివారం వచ్చేది, రాసేది. ఒక్కో దినం రెండు మూడు వరసలే."

ఆ పిల్ల రాసింది తెలుగు పాటే, కానీ అరవ అక్షరాల్లో. ఆ ఇంట్లో తెలుగు అక్షరం ఎరిగిన వాళ్ళు ఎవరూ లేరు. వందల ఏళ్ళుగా ఆ భాషని నోట్లో పెట్టుకుని కాపాడుకొచ్చారే గానీ కంటితో చూసిన వాళ్ళు లేరు. లోకేశ్వరి ఇంట్లోనూ అంతే. అరవై మంది ఆడవాళ్ళకి తలా ఒక ప్రతి, ఆరేసి పేజీలు. రేపు పొద్దున ఆ పేజీలు చూసి అందరూ పాడాలి. లేకపోతే ఈసారి పాట లేదు. ఈసారి లేకపోతే ఇంక ఎప్పటికీ లేదు. పన్నెండేళ్ళ తర్వాత రామక్కాళ్ పెదవుల దగ్గర చెవి పెట్టడానికి రామక్కాళ్ ఉండదు కదా.

"జిరాక్సు కొట్లో తీసుకోవచ్చునే" అంది లోకేశ్వరి.

"కూడదక్కా. పూజలో పాడేదాకా ఆ పాట గడప దాటకూడదు. బయటోళ్ళ కన్ను దాని మింద పడకూడదు. అందుకే ఫ్రెండు కాడ ఈ ప్రింటరు అడిగి తెచ్చినాను."

"సరి, పాడయిన పేజీ చూపించు."

సుగన్య, వెనకే వచ్చి గుమ్మంలో నిలబడిన అవ్వ వైపు చూసింది. అవ్వ తల అడ్డంగా ఊపింది.

"అవ్వా, పేజీ చూడకుండా నేనెట్ల చెప్పేది? డాక్టరు కాడికి పోయి గొంతు చూపించనంటే అవుతాదా?"

రామక్కాళ్ గాలి గొంతుతో, ఒక్కో మాట తుంచి తుంచి చెప్పింది. "డాక్టరుకి చూపిస్తిని కదా అమ్మిణి. ఏమయింది? పోయింది."

లోకేశ్వరి పేజీ కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. అది అరుదుగా జరిగే విషయం.

సరే, చూడకుండానే మొదలుపెట్టింది. పక్కనున్న కాగితాల కట్టలోంచి పది తీసి, మిషను చేతనే పరీక్ష పేజీలు వేయించింది. పదీ ముత్యాల్లా వచ్చాయి. టార్చి వేసి డ్రమ్ము చూసింది. ఒక్క గీత లేదు. టోనరు తీసి చేటలో బియ్యం చెరిగినట్టు అటూ ఇటూ మెల్లగా ఊపి పెట్టింది. "నీకేమీ జబ్బు లేదు కదమ్మా" అంది మిషనుతో. అప్పుడు తను అరుగు మీదికి వెళ్ళి వీపు తిప్పి కూర్చుంది. లోపల సుగన్య పాట వేసింది.

"మళ్ళీ వచ్చిందక్కా!" అని లోపల్నుంచి ఏడుపు గొంతు.

పాడైన పేజీలు వెంటనే పొయ్యిలోకి పోయాయి. లోకేశ్వరికి వాసన తగిలింది. మళ్ళీ లోపలికెళ్ళి తన పేజీలు వేసింది. మొదటిదాని మీద అదేదో సన్నటి మరక లీలగా ఉన్నట్టుంది, రెండో పేజీ నుంచి శుభ్రం. ఇంకోసారి పాట. ఇంకోసారి మచ్చలు. ఇరవై తొమ్మిదేళ్ళ అనుభవంలో మనిషిని చూసి వేషం మార్చే మిషను ఆవిడకి తగల్లేదు. నిజం చెప్పాలంటే లోకేశ్వరికి కొంచెం భయం కూడా వేసింది. పైకి ఒప్పుకునే రకం కాదు గనక అరుగు మీద కూర్చుని టార్చి అద్దం తుడవడం మొదలుపెట్టింది.

రామక్కాళ్ వచ్చి ఆవిడ పక్కన చతికిలబడింది. తర్వాత లోకేశ్వరి చెయ్యి పట్టుకుని చెప్పింది.

"పోతుం అమ్మిణి, చాలు. నువ్వు పో. మిషిను మింద తప్పు లేదు. అమ్మకి ఇష్టం లేదు. కాగితంలోకి రానంటాది. నాతోనే పోవాలని ఉండాదేమో."

ఆ మాట అనేటప్పుడు ముసలావిడ కళ్ళలో నీళ్ళు లేవు. అప్పటికే అవన్నీ అయిపోయినట్టుంది. అది చూసి లోకేశ్వరికి జాలేసింది. అంతలోనే కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. పెద్దక్కమ్మ మీదే అయి ఉంటుంది.

"ఎట్ల పోతాది? నేను ఈడ కూర్చోని ఉండగా ఎట్ల పోతాది?" అని సంచిలో చెయ్యి పెట్టి దారం తీసింది. "అవ్వా, నేను చూడను. మీరే చూడండ. మచ్చకీ మచ్చకీ నడమ ఈ దారం పెట్టండ. ఏ ముడి కాడికి వస్తాదో చెప్పండ. అంతే."

రామక్కాళ్ దారం అందుకుని వేళ్ళ మధ్య పెట్టి లాగింది. మొదటి ముడి, రెండో ముడి, మూడో ముడి. ఆవిడ మొహం మారింది.

"ఇది పత్తి ఏసే తాడు కదా!"

"మా నాయన తాడు సూసి కట్టుకుంటిని."

"మా మామ కాడ ఉండె. నేను కొత్త కోడలుగ వచ్చినప్పుడు కొస పట్టుకో అనె. వంకరగ పట్టితే మట్టిగడ్డ ఇసిరేది." ముసలావిడ నవ్వింది. చప్పుడు లేని నవ్వు, భుజాలు మాత్రం ఎగిరాయి. "ఇంత పొట్టిగ ఉండాదే. దీంతో ఏమి పండిస్తావు నువ్వు?"

"తిట్లు" అంది లోకేశ్వరి.

రామక్కాళ్ దారం తీసుకుని లోపలికి వెళ్ళింది. తలుపు వేసుకున్న చప్పుడు. సుగన్య ఇంకో పేజీ వేసింది. కొంతసేపటికి తలుపు అవతల్నుంచి పిల్ల గొంతు వినిపించింది.

"అక్కా, రెండో ముడి! అవ్వ మూడు కాడ పెట్టి చూసింది. మూడు చోట్లా రెండో ముడే!"

వేడి రోలరు. లోకేశ్వరి లేచి నిలబడింది. "మచ్చ ఏమి రంగు? నలుపా?"

లోపల గుసగుసలు. "నలుపు కాదక్కా. మాడిన రంగు. పసుపాట్ల, ముదురుగ."

"ఆ మిషినులో నలుపు తప్ప ఇంకో రంగే లేదు కదే!"

లోపల కాగితం తిప్పిన చప్పుడు.

"ఎళుత్తు లేనిది యాడ? నడమనా?"

"నాలుగు మూలలా అక్కా. మూలలు మాత్రం తెల్లగ ఉండాది. చెయ్యి పెడితే పొడి వస్తాది."

చెమ్మ. వాన చినుకు లేని మాసి నెలలో నాలుగు మూలల్లో మాత్రమే చెమ్మ! లోకేశ్వరి ఇక ఆగలేదు. "పేజీ దాచేయండ, నేను వస్తా ఉండాను" అని అరిచి లోపలికి వెళ్ళి ప్రింటరు తీగ పీకేసింది. వేడి చల్లారేదాకా అరగంట కాళ్ళు ఊపుతూ కూర్చుంది. తర్వాత వెనక తలుపు విప్పి, వేష్టి గుడ్డని వేలికి చుట్టి వేడి రోలరు మీద మెల్లగా తిప్పింది. గుడ్డ బయటికి తీసి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అవ్వా," అంది, నవ్వాలో తిట్టాలో తేలక, "కాగితాలకి పసుపు పూసినారా?"

రామక్కాళ్ ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "పూయకుండా ఎట్ల? బోడి కాగితం మింద అమ్మ పేరు రాస్తారా?"

అసలు సంగతి అదీ. పాటకని విడిగా తీసిన కాగితాలు పూజగదిలో ఇత్తడి పళ్ళెంలో ఉన్నాయి. తెల్లవారుజామున తలస్నానం చేసి, పసుపు నీళ్ళతో కలిపి, ఒక్కో కాగితానికి నాలుగు మూలలా వేలితో అద్దింది రామక్కాళ్. మూడువందల అరవై కాగితాలు. ఎండిపోకుండా, మైల తగలకుండా పైన తడిగుడ్డ కప్పింది. పాట వేయాల్సినప్పుడు మాత్రం అందులోంచి తీసి సుగన్యకి ఇచ్చేది. శుభలేఖకి పసుపు పెట్టకుండా ఎవరైనా ఇస్తారా? పెళ్ళి కబురుకే అంత ఉంటే పెద్దక్కమ్మ పాటకి ఎంత ఉండాలి? తడి కాగితానికి పొడి అంటుకోలేదు. తడి పసుపు వేడి రోలరుకి అంటుకుని, అది తిరిగినప్పుడల్లా ఒక ముద్ర. తర్వాత వేసిన తడి లేని కాగితాలు దాన్ని తుడిచేసుకునేవి. అందుకే ఆఫీసు పేజీలు అద్దంలా, పాట అలా.

"నాకి తెలుసునక్కా పసుపు పూసింది," సుగన్య నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అది మిషినికి సంబంధం అని తోచలేదు."

"దేవుడికి సంబంధం అని మాత్రం తోచింది!" అని లోకేశ్వరి అందుకుంది. పొద్దుట్నుంచి ఆపుకున్న తిట్లన్నీ ఆ పిల్ల మీద పడ్డాయి. పాపం, ఆ పిల్ల సంతోషంగానే తిట్లు తింది.

అయితే పని అక్కడితో తెమల్లేదు. ముందు ప్రింటు వేసి తర్వాత పసుపు పెట్టమంటే రామక్కాళ్ ససేమిరా అంది. అక్షరం పడేటప్పటికి పసుపు ఉండాలి. తర్వాత పెడితే, పిల్ల పుట్టాక పెళ్ళి చేసినట్టు ఉంటుందట. ఎండబెట్టి వేద్దామంటే ఎండిన పసుపు మిషనులో రాలుతుంది, అది ఇంకో జబ్బు. రోలరు తుడుస్తూ తుడుస్తూ లోకేశ్వరి ఆలోచించింది.

"అవ్వా, పత్తి గింజలు ఇత్తే ముందు మీ మామ పసుపు పెట్టేదా?"

"పెట్టకుండా ఇత్తేదా?"

"ఒక్కో గింజకీ పెట్టేదా?"

"పిచ్చిదానా, గింజకి ఎవురు పెడతారు? మూటకి పెట్టేది. మూటకి పెడితే లోపల ఉండే గింజకంతా…"

రామక్కాళ్ అక్కడే ఆగింది. లోకేశ్వరి తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టింది. విప్పని కాగితాల కట్టలు రెండు తెచ్చి ముసలావిడ ముందు పెట్టింది. రామక్కాళ్ కాసేపు వాటిని చూసింది, కాసేపు పూజగది వైపు చూసింది. తర్వాత పసుపు గిన్నె దగ్గరికి లాక్కుని, కట్టల పైన చుట్టిన కాగితానికి నాలుగు మూలలా పసుపు అద్ది, నడిమిన కుంకుమ పెట్టి, కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకుంది.

"ఇంక విప్పు" అంది.

పాట రావడం మొదలైంది. లోకేశ్వరి మళ్ళీ అరుగు మీదికెళ్ళి వీపు తిప్పుకుని కూర్చుంది. పేజీ తర్వాత పేజీ జారుతున్న చప్పుడు చెవితోనే లెక్కగట్టింది. లోపల సుగన్య "అవ్వా, సూడు! మూల దాకా ఉండాది, సూడు!" అంటోంది. అన్నం తిని వెళ్ళమన్నారు. తింది. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆరు దొంతరలు తయారయ్యాయి. ఇక సంచి సర్దుకుని బయల్దేరబోతోంది.

రామక్కాళ్ మాత్రం సంతోషంగా లేదు. ఒక పేజీ చేతిలో పట్టుకుని, కళ్ళకి దగ్గరగా, దూరంగా పెట్టి చూస్తోంది. ఆవిడకి ఏ అక్షరమూ రాదు. నల్లటి వరసలు కనిపిస్తున్నాయి, అంతే.

"ఇందులో పాట ఉండాదా?" అని అడిగింది.

"ఉండాదవ్వా. పాడతాను, విను" అని సుగన్య పేజీ అందుకోబోయింది.

అవ్వ ఇవ్వలేదు. "నువ్వు పాడితే నాకెట్ల తెలుస్తాది? నాలుగు నెలలు నా నోట విని ఉండావు. నీకి కాగితం లేకున్నా వస్తాది." ఆవిడ చూపు తిరిగి తిరిగి గుమ్మం దగ్గర సంచి తగిలించుకుంటున్న లోకేశ్వరి మీద ఆగింది. "అమ్మిణి, నిలు."

పేజీ లోకేశ్వరి చేతిలో పెట్టింది. లోకేశ్వరి ఉలిక్కిపడి మొహం పక్కకి తిప్పుకుంది.

"అవ్వా! బయటోళ్ళ కన్ను పడకూడదంటిరే."

"గడప లోపలే ఉండావు కదా. రేపు పాడే వాళ్ళల్లో సగం మంది నా నోట ఒక్క వరస ఎరగనోళ్ళు. ఇంకో పన్నెండేండ్లకి వచ్చే కోడళ్ళు నన్నే ఎరగరు. వాళ్ళకి ఈ కాగితం ఒకటే. ఏమీ ఎరగనోళ్ళు పాడితే వస్తాదా రాదా, నేనుండగా నాకి తెలియాల. పాడు."

వరస ఎలాగో సుగన్య ఒకసారి మాటలు లేకుండా కూనిరాగం తీసి చూపించింది. లోకేశ్వరి గడప లోపల, గోడకి ఆనుకుని కూర్చుంది. ఆవిడ గొంతు మనుషుల్ని తిట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. పేజీ వైపు చూసింది. అలవాటు కొద్దీ ముందు మూలలు చూసింది, తర్వాత మచ్చలు వెతికింది. లేవు. అప్పుడు ఆవిడకి తట్టింది: ఇన్నేళ్ళలో లక్ష పేజీలు చూసింది గానీ, ఒక్క పేజీలో ఏముందో చదవలేదు. చదవాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు. ఇప్పుడు అక్షరాలు కూడబలుక్కుంటుంటే, అరవ అక్షరాల లోపల్నుంచి అమ్మ మాట్లాడినట్టు, నాయన పిలిచినట్టు, తన ఇంటి మాటలు ఒక్కొక్కటే లేచి వచ్చాయి. తన భాషని కాగితం మీద చూడటం ఆవిడకి అదే మొదలు. కళ్ళలో నీళ్ళు తిరిగి వరస మసకబారింది. తుడుచుకుని పాడింది.

"ఏరు దాటెనే అక్కమ్మా, ఎద్దు తోక పట్టి,
కొంగు తడిసె గానీ ఇత్తు తడవలేదే…"

"ఓ అక్కమ్మా" అని సుగన్య అందుకుంది.

"దారి పొడుగునా దప్పికాయె పిల్లలకి,
కుండ పగిలె గానీ గుటక కరువు లేదే…"

గొంతు బొంగురు. తాళం ఎక్కడో ఉంది. "దప్పిక" దగ్గర తడబడి మళ్ళీ మొదలుపెట్టింది. అయినా మాట తర్వాత మాట, దిద్దే వాళ్ళెవరూ లేకుండా, కాగితంలోంచి లేచి వచ్చింది. రామక్కాళ్ పెదవులు మొదట్లో ఆవిడతో పాటు కదిలాయి. మూడో చరణానికి కదలడం మానేశాయి. ముసలావిడ తల గోడకి వాల్చి కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెంపల మీదికి జారి, మెడ మీది గీత దాకా వచ్చాయి. సుగన్య భయపడి, "అవ్వా, ఏమయింది? తప్పుగ ఉండాదా?" అంది.

లోకేశ్వరి ఆపేసింది.

"మా అత్త పోయి యాభై ఏండ్లు" అంది రామక్కాళ్, కళ్ళు తెరవకుండానే. "అప్పట్నుంచి ఈ పాట నేను పాడతా ఉంటిని గానీ, ఒక్కసారి నా చెవికి వినలేదు. ఎవురు పాడతారు? నేనే కదా పాడాల." చెయ్యి చాపి, తడుముకుని, లోకేశ్వరి మోకాలు పట్టుకుంది. "ఇప్పుడు వింటా ఉండాను. ఆపద్దు అమ్మిణి."

లోకేశ్వరి రెండో పేజీ తీసింది.